చిన్న కుక్కకు జ్వరం వస్తే: గుర్తించడం, కొలవడం, సకాలంలో స్పందించడం

కుక్కకు జ్వరం వచ్చిందన్న అనుమానం కలగగానే చాలామంది మొదట చేసేది దాని ముక్కు ముట్టుకుని చూడటం, ఆ తర్వాత ఇంట్లో ఉన్న మాత్రల కోసం వెతకడం. వీటిలో మొదటిదాని వల్ల ఏమీ తేలదు, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం దానంతటది రోగం కాదు. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ గాని, వాపు గాని, మరేదైనా బాధ గాని ఉందని తెలిపే గుర్తు. అందువల్ల ఇంట్లోవాళ్ళ బాధ్యత ఏమిటంటే, జ్వరాన్ని సరిగ్గా కొలవడం, అది వడదెబ్బ కాదని తేల్చుకోవడం, ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకోవడం, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరకు చేర్చడం.

పది కిలోల లోపు బరువుండే కుక్కల విషయంలో ఆలస్యానికి తావు మరీ తక్కువ. వాటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, ఒంట్లో నీటి నిల్వ తక్కువ, కాలేయంలో దాచుకునే చక్కెర కూడా తక్కువ. పెద్ద కుక్క ఒక రోజు తినకపోయినా తట్టుకుంటుంది గాని, రెండు కిలోల పిల్ల కుక్క జ్వరంతో రెండు పూటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. ఈ మార్గదర్శిలోని సూచనలన్నీ ఆ చిన్న ఒంటిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

1. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఉష్ణోగ్రత తెలుసుకుని ఉంచుకోవాలి

కుక్క ఒంటి వేడి సహజంగానే మనిషి ఒంటి వేడి కంటే ఎక్కువ. మలద్వారంలో కొలిచినప్పుడు పెరిగిన కుక్కలో 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు, అంటే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉండటం మామూలే. మనకు ఒళ్ళు కాలిపోయే జ్వరంగా అనిపించే 102 డిగ్రీలు కుక్కకు పూర్తి ఆరోగ్యం. చేత్తో తాకితే కుక్క ఎప్పుడూ వెచ్చగా తోచడానికి కారణం ఇదే. 39.4 డిగ్రీల సెల్సియస్, అంటే 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పుడే జ్వరంగా అనుమానించాలి.

అప్పుడే పుట్టిన పిల్లలకు ఈ లెక్క వర్తించదు. మొదటి వారంలో వాటి ఒంటి వేడి 35 నుంచి 37.2 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది, సుమారు నాలుగో వారానికి గాని పెద్ద కుక్కల స్థాయికి దగ్గరపడదు. నిండు చూలుతో ఉన్న కుక్కకు ఈనబోయే ముందు రోజు ఉష్ణోగ్రత 37.2 డిగ్రీల కంటే కిందికి దిగడం కూడా సహజమే.

మీ కుక్క హుషారుగా ఉన్న రోజుల్లో, విశ్రాంతిగా పడుకున్న వేళ, రెండు మూడు సార్లు కొలిచి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. దీనివల్ల మరో మేలు కూడా ఉంది: థర్మామీటర్‌కు ముందే అలవాటు పడిన కుక్క, ఒంట్లో బాగాలేని రోజున అంతగా పెనుగులాడదు.

2. అనుమానం కలిగించే లక్షణాలు

జ్వరం వచ్చిన కుక్క ప్రవర్తన మొదట మారుతుంది. పిలిస్తే తోక ఊపుతుంది గాని లేచి రాదు. తిండి గిన్నె దగ్గరకు వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోతుంది. మామూలుగా ఎక్కే మంచం ఎక్కదు, ఎత్తుకుంటే మూలుగుతుంది, ఒక మూల ముడుచుకుని పడుకుంటుంది. దీనితోపాటు కళ్ళు ఎర్రబడటం లేదా మెరుస్తున్నట్టు కనిపించడం, చెవులు వేడెక్కడం, రొప్పడం, దగ్గు, ముక్కు కారడం, వాంతులు వంటివి ఉండవచ్చు. ఇవి ఏవీ లేకుండా కేవలం నీరసంతోనే జ్వరం ఉండటమూ అరుదు కాదు.

ముక్కు విషయం స్పష్టంగా చెప్పాలి. నిద్ర లేచిన కుక్కకు, ఎండలో పడుకుని వచ్చిన కుక్కకు, వయసు మళ్ళిన కుక్కకు ముక్కు పొడిగా వెచ్చగా ఉండటం మామూలే. అలాగే 40 డిగ్రీల జ్వరంలోనూ ముక్కు తడిగా చల్లగా ఉండవచ్చు. కనుక ముక్కును బట్టి జ్వరం ఉందనీ లేదనీ నిర్ణయించకూడదు.

చిన్న కుక్కల్లో వణుకు కూడా తప్పుదోవ పట్టిస్తుంది. అవి చలికి, భయానికి, ఉత్సాహానికి, నొప్పికి కూడా వణుకుతాయి. వెచ్చని గదిలో, భయపెట్టే శబ్దాలేవీ లేనప్పుడు, నీరసంతో కలిసి వచ్చే వణుకును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లలకు పాలిస్తున్న చిన్న జాతి తల్లి కుక్క వణికితే అది మరీ తీవ్రమైన విషయం. ఈనిన మొదటి కొన్ని వారాల్లో పాల ద్వారా కాల్షియం ఎక్కువగా పోయి, కండరాలు బిగుసుకుని, ఆ బిగుతు వల్లే ఒంటి వేడి విపరీతంగా పెరుగుతుంది. తడబడే నడక, అలజడి, రొప్పు, వణుకు కలిసి కనిపిస్తే పిల్లలను పాలు తాగనివ్వకుండా వేరుచేసి, తల్లిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గంటల వ్యవధిలో మూర్ఛల దాకా వెళ్ళే స్థితి ఇది.

3. థర్మామీటర్‌తో కొలవడం

నమ్మదగిన కొలత మలద్వారంలో తీసుకునేదే. కొన వంగే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్క కోసమే వేరుగా ఉంచి, దాని మీద గుర్తు రాసి పెట్టండి. పాదరసం నిండిన గాజు థర్మామీటర్ వాడవద్దు. కుక్క ఒక్కసారి కదిలితే విరిగిపోతుంది. చెవిలో పెట్టే పరికరాలు చిన్న కుక్కల ఇరుకైన చెవి నాళంలో సరిగ్గా కుదరవు, చెవిలో గులిమి ఉన్నా కొలత మారిపోతుంది. నుదుటి మీదికి గురిపెట్టే పరికరాలు బొచ్చు వల్ల పనికిరావు. చంకలో కొలిస్తే అసలు కంటే తక్కువే చూపిస్తుంది. మరో దారి లేనప్పుడు చంకలో కొలిచి, చంకలో కొలిచినట్టు వైద్యుడికి చెప్పాలి.

పరిగెత్తి వచ్చిన వెంటనే, కారు ప్రయాణం ముగిసిన వెంటనే కొలవకండి. ఉత్సాహం, భయం, ఆయాసం ఒంటి వేడిని పెంచుతాయి. చల్లని చోట అరగంట విశ్రాంతిగా ఉండనిచ్చి మొదలుపెట్టండి. ఇద్దరు ఉంటే పని సులువవుతుంది. ఒకరు కుక్కను బల్ల మీద లేదా ఒడిలో నిలబెట్టి, ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి పొట్ట కింద ఉంచి, నెమ్మదిగా మాట్లాడుతూ తమ ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. గట్టిగా అదిమితే కుక్క భయపడుతుంది. ఆసరా దొరికిందనిపించేలా పట్టుకుంటే చాలు. రెండోవారు థర్మామీటర్ కొనకు పెట్రోలియం జెల్లీ రాసి, తోక మొదలును మెల్లగా పైకెత్తి, కొనను మలద్వారంలోకి కొద్దిగా తిప్పుతూ ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మేర పోనివ్వాలి. అడ్డు తగిలితే నెట్టకూడదు. కొన గట్టి మలంలో దిగితే కొలత తక్కువగా వస్తుంది, కాబట్టి కొనను పక్క గోడకు ఆనేలా కొంచెం ఏటవాలుగా ఉంచండి. శబ్దం వచ్చే వరకు తోకను, థర్మామీటర్‌ను కలిపి ఒకే చేత్తో పట్టుకుంటే, కుక్క కదిలినా థర్మామీటర్ దానితోపాటే కదులుతుంది.

కొలిచాక అంకె, సమయం రాసుకోండి. కొనకు రక్తం, జిగురు, నల్లని మలం అంటి ఉంటే అది కూడా రాసుకోవాలి. సబ్బు నీళ్ళతో కడిగి స్పిరిట్‌తో తుడిచి భద్రపరచండి. కుక్క కరవడానికి వస్తున్నా, ఆ చోట నొప్పితో అరుస్తున్నా కొలిచే ప్రయత్నం మానుకోండి. అంకె లేకపోయినా వైద్యుడి దగ్గరకు వెళ్ళవచ్చు.

4. జ్వరమా, వడదెబ్బా?

చికిత్స దారి ఇక్కడే రెండుగా చీలుతుంది, పొరబాట్లు ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త విపులంగా రాస్తున్నాను.

జ్వరంలో మెదడులోని ఉష్ణోగ్రత నియంత్రణ కేంద్రమే ఒంటి వేడి స్థాయిని పైకి మారుస్తుంది. రోగక్రిములను ఎదుర్కొనే క్రమంలో వెలువడే రసాయనాలు ఆ కేంద్రాన్ని ప్రేరేపిస్తాయి. శరీరం వణికి, ముడుచుకుని, ఆ కొత్త స్థాయికి వేడిని తెచ్చుకుంటుంది. అలాంటి కుక్క మీద చన్నీళ్ళు పోస్తే, శరీరం పోయిన వేడిని తిరిగి తెచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ వణుకుతుంది. ఉన్న కొద్దిపాటి శక్తి కూడా ఆ వణుకుకే ఖర్చయిపోతుంది.

వడదెబ్బలో మెదడు కోరుకునే స్థాయి మారదు. బయటి వేడి వల్లనో, అతిగా పరిగెత్తడం వల్లనో, మూసిన కారులో ఉండిపోవడం వల్లనో పుట్టిన వేడిని శరీరం వదిలించుకోలేకపోతుంది. అలాంటి కుక్కను అప్పటికప్పుడు చల్లబరచడమే ప్రాణరక్షణ. పగ్ వంటి పొట్టి మూతి కుక్కలు, శ్వాసనాళం ముడుచుకుపోయే సమస్య ఉన్న చిన్న కుక్కలు, బొద్దుగా ఉన్నవి మరీ ఎక్కువ ఎండ లేకపోయినా ఈ స్థితికి చేరగలవు.

తేడా తెలుసుకోవాలంటే గత రెండు మూడు గంటల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. వేడిలో ఉండటం, పరిగెత్తడం, గాలి ఆడని చోట చిక్కుకోవడం జరిగి, కుక్క ఆపకుండా పెద్దగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగి, తూలుతూ ఉంటే వడదెబ్బగానే భావించాలి. నీడకు చేర్చి, ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు మామూలు నీళ్ళతో బాగా తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా చేయండి. తల, మూతి మీద పోయవద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేయడం తప్పు. అది కాసేపట్లో వేడెక్కి లోపలి వేడిని బయటకు పోనివ్వదు. ఉష్ణోగ్రత 39.4 డిగ్రీలకు దిగగానే తడపడం ఆపండి. చిన్న ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, ఇంకా కొనసాగిస్తే ఉండవలసిన దానికంటే కిందికి పడిపోతుంది. కుక్క తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాల్సిందే, ఎందుకంటే మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే వ్యవస్థకు జరిగిన హాని తర్వాత రోజుల్లో బయటపడుతుంది.

5. అంకెను, కుక్కను కలిపి చూసి నిర్ణయించడం

39.4 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే 103 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండి, పెరిగిన కుక్క నీళ్ళు తాగుతూ, పిలిస్తే స్పందిస్తూ, కొద్దిగానైనా తింటూ ఉంటే నాలుగైదు గంటలకోసారి కొలుస్తూ ఒక రోజు గమనించవచ్చు. మర్నాటికీ తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. 40 డిగ్రీలు దాటితే, అంటే 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అదే రోజు తీసుకువెళ్ళాలి. 40.6 దాటితే ఏ వేళలోనైనా బయలుదేరాలి. 41.1 డిగ్రీలు, అంటే 106 డిగ్రీల ఫారెన్‌హీట్, అవయవాలు దెబ్బతినే స్థాయి. కారణం ఏదైనా సరే, దారిలోనే పాదాలను, చెవుల బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో తడుపుతూ తీసుకువెళ్ళాలి.

అంకె తక్కువగా ఉన్నా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. ఆరు నెలల లోపు పిల్ల, మరీ వృద్ధ కుక్క, చూలుతోనో పాలిస్తూనో ఉన్న కుక్క, చక్కెర వ్యాధి లేదా గుండె జబ్బు ఉన్న కుక్క, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న కుక్క ఈ కోవలోకి వస్తాయి. పదేపదే వాంతులు, రక్త విరేచనాలు, శ్వాస కష్టం, పాలిపోయిన లేదా నీలి చిగుళ్ళు, మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ, లేవలేని స్థితి ఉన్నా అంతే. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులు, విరేచనాలతో జ్వరం ఉంటే పార్వో వైరస్ కావచ్చు. ఆ పిల్ల విషయంలో ప్రతి గంటా లెక్కే.

మరొక విషయం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. జ్వరం దిగిందంటే ప్రతిసారీ నయమైనట్టు కాదు. నిన్న 40.3 ఉన్న కుక్క ఈరోజు 37 చూపిస్తూ, చల్లని కాళ్ళతో, తెల్లబారిన చిగుళ్ళతో నిస్త్రాణగా పడి ఉంటే, అది రక్తప్రసరణ కుప్పకూలుతున్న సూచన. ఆ కుక్కకు వెచ్చని దుప్పటి చుట్టి ఆ క్షణమే బయలుదేరాలి.

6. వైద్యుడిని కలిసే లోపు ఇంట్లో చేయదగినవి

గాలి వచ్చే చల్లని గదిలో, చప్పుడు లేని చోట పడక వేయండి. వణుకుతుంటే పల్చటి దుప్పటి దగ్గర పెట్టండి, కావాలంటే అదే కప్పుకుంటుంది. వేడి నీళ్ళ సంచులు, బరువైన చొక్కాలు వద్దు.

నీళ్ళ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకే కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు అవసరం. మూడు కిలోల కుక్కకు అది 150 నుంచి 180 మిల్లీలీటర్లు. జ్వరంలో, రొప్పులో, వాంతుల్లో అంతకు మించి పోతుంది. గిన్నెను పడక పక్కనే పెట్టి, ఎంత పోశారో, ఎంత మిగిలిందో కొలిచి రాసుకోండి. తాగకపోతే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన మాంసం నీళ్ళు చల్లార్చి కొద్దికొద్దిగా పెట్టండి. మగతగా ఉన్న కుక్క నోట్లో సిరంజితో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి.

నీరు ఎంత తగ్గిందో చిగుళ్ళు చెబుతాయి. తడిగా జారేలా ఉండాల్సిన చిగురు వేలికి అంటుకునేలా జిగటగా ఉంటే నీరు తగ్గినట్టు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. అంతకంటే ఆలస్యమైతే రక్తప్రసరణ తగ్గిందని అర్థం. నల్లని చిగుళ్ళున్న కుక్కలో రంగు కోసం కింది కనురెప్ప లోపలి భాగం చూడండి.

తిండి కోసం బలవంతపెట్టవద్దు గాని, మామూలుగా తినే ఆహారాన్నే గోరువెచ్చగా చేసి కొద్దిగా పెట్టి చూడండి. మూడు నాలుగు నెలల లోపు చిన్న జాతి పిల్ల తినకుండా, తూలుతూ, కళ్ళు తేలేస్తూ ఉంటే చక్కెర పడిపోయినట్టు భావించి, కొద్దిగా తేనె గాని చక్కెర పాకం గాని చిగుళ్ళకు రుద్ది వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. చక్కెర లేని తీపి పదార్థాలేవీ వాడకండి. వాటిలో కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం.

7. ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి

మనుషుల జ్వరం మాత్ర ఇవ్వకండి. లెక్క వేసి చూస్తే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది. 60 కిలోల మనిషి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ వేసుకుంటే కిలోకు ఎనిమిది మిల్లీగ్రాముల చొప్పున పడుతుంది. మూడు కిలోల కుక్కకు అదే మాత్ర ఇస్తే కిలోకు 160 మిల్లీగ్రాములు దాటుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రక్తం ప్రాణవాయువును మోసే శక్తినీ తగ్గిస్తుంది. ముక్క చేసి ఇచ్చినా అది అంచనాయే గాని మోతాదు కాదు. ఇబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల వైఫల్యం తెచ్చిపెడతాయి. ఆస్పిరిన్ కూడా ఇవ్వకండి. ముందే ఇలాంటి మాత్ర పడి ఉంటే, కుక్కల కోసమే తయారైన సురక్షితమైన నొప్పి మందులను కూడా వైద్యుడు వెంటనే వాడలేరు. ఇచ్చేసి ఉంటే దాచకుండా చెప్పండి, మాత్రల అట్టను వెంట తీసుకువెళ్ళండి.

ఐసు నీళ్ళ స్నానం, చర్మానికి స్పిరిట్ రుద్దడం, గతంలో మిగిలిన యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా మానుకోవాలి. సగం మోతాదు యాంటీబయాటిక్ రోగాన్ని నయం చేయకపోగా, పరీక్షల్లో క్రిమి దొరకకుండా చేస్తుంది.

8. వైద్యుడి దగ్గరకు వెళ్ళే ముందు

బయలుదేరే ముందు కుక్కను తల నుంచి తోక దాకా ఒకసారి వేళ్ళతో తడమండి. పిడుదులు చెవి మడతల్లో, కాలివేళ్ళ మధ్య, చంకల్లో, మెడపట్టీ కింద దాక్కుంటాయి. అవి తెచ్చే ఎర్లికియా, బబీసియా వంటి వ్యాధులు చిన్న కుక్కల జ్వరాలకు ముఖ్య కారణాలు. కరిచిన కొన్ని వారాలకు కూడా జ్వరం రావచ్చు కాబట్టి ఇప్పుడు పిడుదు కనిపించకపోయినా ఆ అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి, కాల్చడం గాని నూనె పోయడం గాని చేయవద్దు. బొచ్చు కింద కాటు గాయాలు, చీము గడ్డలు, చెవిలో దుర్వాసన, నోట్లో పన్ను మొదట వాపు ఉన్నాయేమో చూడండి. ఇరుకైన దవడల వల్ల చిన్న జాతులకు పళ్ళ జబ్బులు ఎక్కువ.

గర్భసంచి తీయించని ఆడకుక్క అయితే చివరిసారి ఎదకు వచ్చిన తేదీ తప్పక చెప్పండి. ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టవచ్చు. ఎక్కువ నీళ్ళు తాగడం, పొట్ట ఉబ్బడం, వెనుక నుంచి స్రావం దాని గుర్తులు. అయితే స్రావం బయటకు రాని రకమే ఎక్కువ ప్రమాదకరం, అందులో జ్వరం లేకపోవచ్చు కూడా. టీకా వేయించి ఒకటి రెండు రోజులే అయితే తేలికపాటి జ్వరం, నీరసం మామూలే. కాని ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా, వాంతులు ఆగకపోయినా అది అలర్జీ, ఆలస్యం చేయకూడదు.

మూత్రం ముదురు రంగులో ఉన్నా, కళ్ళు పచ్చబడినా చేతులకు తొడుగులు వేసుకుని శుభ్రం చేయండి. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్క మూత్రం నుంచి మనుషులకు కూడా సోకుతుంది.

9. చికిత్స మొదలయ్యాక

రక్తపరీక్ష, మూత్రపరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే చేసి వైద్యుడు కారణాన్ని వెతుకుతారు. ఇంటికి వచ్చాక రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు కొలిచి రాయండి. మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే, లేదా దిగి మళ్ళీ వస్తే, ఆ రాతలతోనే తిరిగి వెళ్ళండి. కుక్క హుషారుగా కనిపించిందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా వంటి జ్వరాలకు మందు సాధారణంగా మూడు నాలుగు వారాలు సాగుతుంది. సరైన మందు పడుతున్నా జ్వరం ఆగకుండా కీళ్ళు వాచడం, కుంటుతూ నడవడం, మెడ నొప్పి కనిపిస్తే, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే వ్యాధుల గురించి అడగండి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు, పరీక్షలూ వేరు, చికిత్సా వేరు.